40 సెంట్ల కాలనీ స్థలంలో జపనీస్ తోట: విజయనగరం ఎండకూ తుఫానుకూ ఏది నిలుస్తుంది?

నమస్కారమండీ. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. విజయనగరం శివారులోని మీ లేఔట్‌లో ఉమ్మడి అవసరాలకు వదిలిన స్థలం 40 సెంట్లు ఉంది. ఇన్నాళ్ళూ అందులో తుమ్మకంపలు, ఇళ్ళు కట్టినవారు పారబోసిన సిమెంటు పెళ్ళలు తప్ప మరేమీ లేవు. ఇప్పుడు నివాసుల సంఘం తలా కొంత వేసుకుని 18 లక్షల రూపాయలు సమకూర్చుకుంది. ఒక కాంట్రాక్టరు ఆ మొత్తానికి 'జపనీస్ గార్డెన్' చేసి ఇస్తానని కొటేషన్ ఇచ్చారు. అందులో ఎర్ర వంతెన, దాని కింద సిమెంటు చెరువు, రంగు చేపలు, ఒక తోరణ ద్వారం, 4 రాతి దీపాలు, 12 బోన్సాయ్ చెట్లు, మిగిలినదంతా లాన్ ఉన్నాయి. ఇది మన వాతావరణంలో నిలుస్తుందా, పిల్లలకూ పెద్దలకూ పనికివస్తుందా అని మీరు అడిగారు.

ముందే చెబుతున్నాను: ఆ కొటేషన్‌లో రాసిన వస్తువులు దాదాపు ఏవీ మీకు అవసరం లేదు, కానీ జపాను తోటమాలులు పనిచేసే పద్ధతి మాత్రం మీ స్థలానికి చక్కగా పనికివస్తుంది. ఉత్తరాంధ్రలో 30 ఏళ్ళుగా పార్కుల పనులు చేయించినవాడిగా, చేసిన తప్పులను మళ్ళీ నా చేతులతోనే పెకలించినవాడిగా ఈ మాట అంటున్నాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మొదట వస్తువుల సంగతి చూద్దాం. మీ కాంట్రాక్టరు తోరణ ద్వారం అని రాసినదాన్ని జపానులో టోరీ అంటారు. అది జపానువారి సంప్రదాయ మతమైన షింటో ఆలయ ప్రాంగణానికి గుర్తు. లోకం ఇక్కడితో ఆగింది, ఇకపై దేవుడి చోటు అని తెలియజేయడానికి దాన్ని నిలబెడతారు. విదేశీయుడొకరు మన గుళ్ళు చూసి ముచ్చటపడి, తన ఊరి పార్కులో ఊయల పక్కన ధ్వజస్తంభం పాతించుకుంటే మనకు ఎలా ఉంటుందో, పార్కులో టోరీ కూడా తెలిసినవారికి అలాగే ఉంటుంది. రాతి దీపాలు మొదట బౌద్ధాలయాల్లో దీపారాధనకు ఉండేవి. సుమారు 16వ శతాబ్దంలో అతిథులకు మర్యాదపూర్వకంగా తేనీరు ఇచ్చే వేడుకను నడిపే తేనీటి గురువులు, సాయంకాలం వచ్చే అతిథులకు దారి కనిపించడం కోసం వాటిని తోటల్లోకి తెచ్చారు. కాబట్టి దారి మలుపులోనో నీళ్ళ తొట్టి పక్కనో ఒక్కటి ఉంటే దానికి అర్థం ఉంటుంది. గేటుకు అటు రెండు, ఇటు రెండు నిలబెడితే కల్యాణ మండపం ముఖద్వారంలా తయారవుతుంది. బోన్సాయ్ అన్నది కుండీలో చేసే వేరే విద్య. దానికి వేసవిలో రోజుకు రెండు పూటలా నీరు కావాలి, పక్కనే ఒక మనిషి కావాలి. బహిరంగ స్థలంలో పెట్టిన 12 కుండీలలో సంక్రాంతి నాటికి ఎన్ని మిగులుతాయో మీకే తెలుసు.

ఎర్ర వంతెన, చెరువుల గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. పదేళ్ళ కిందట ఒక చిన్న పట్టణంలో ఇటువంటి తోట ప్రారంభోత్సవానికి వెళ్ళాను. సిమెంటు వంతెనకు నిగనిగలాడే ఎరుపు ఎనామిల్ రంగు, కింద నడుము లోతు తొట్టి, అందులో నారింజ రంగు చేపలు, అంతా ఫొటోల్లో ఎంతో బాగుంది. మే నెలలో బోరు మోటారు కాలిపోయింది. కొత్తది బిగించేసరికి 12 రోజులు పట్టింది. ఆ 12 రోజుల్లో చేపలు చచ్చాయి, లాన్ ఎండింది, అడుగున మిగిలిన పచ్చటి నీళ్ళలో దోమలు పుట్టాయి. మరుసటి ఏడు నేను చూసేసరికి తొట్టిలో చిప్స్ ప్యాకెట్లు, కొబ్బరి బొండాలు నిండి ఉన్నాయి, వంతెన రంగు పొరలు పొరలుగా లేచిపోయింది, కడ్డీల దగ్గర సిమెంటు పగిలి తుప్పు బయటికి కారుతోంది. ఆ తోటను గీసినవారు తెలివితక్కువ వారేమీ కాదు. ప్రతిరోజూ ఎవరు ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం ఆ కాగితాల మీద ఎక్కడా లేదు, అంతే.

ఇక అసలు విషయానికి వస్తాను. జపానులో తోట వేరు, పార్కు వేరు. మన దగ్గర ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టేయడం వల్లనే చిక్కంతా వస్తోంది. క్యోటోలోని ర్యోఆన్‌జీ ఆలయంలో ప్రపంచ ప్రసిద్ధి చెందిన రాళ్ళ తోట ఉంది. దాని విస్తీర్ణం సుమారు 250 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 6 సెంట్ల పైచిలుకు మాత్రమే. అందులో గీతలు గీసిన తెల్లటి కంకర, 5 గుంపులుగా అమర్చిన 15 రాళ్ళు, రాళ్ళ మొదళ్ళలో నాచు తప్ప మరేమీ ఉండవు. వసారా మీద ఎక్కడ కూర్చున్నా 15 రాళ్ళలో ఒకటైనా కంటికి అందకుండా దాగిపోతుంది. ఆ కంకర మీద సందర్శకులెవరూ కాలు పెట్టరు. అది కూర్చుని చూడడానికి చేసినది. అందులో పిల్లలు క్రికెట్ ఆడరు, తాతగార్లు ఉదయం చేతులూపుకుంటూ నడవరు.

మరి అక్కడి జనం ఎక్కడికి వెళ్ళేవారు? గుళ్ళ ఆవరణలకు, నది ఒడ్డులకు, పూల చెట్లున్న గుట్టలకు వెళ్ళేవారు. టోక్యోలోని అసుకయామా గుట్ట మీద 1720లలో అప్పటి సైనిక పాలకుడు (షోగన్) తొకుగవ యోషిమునే సామాన్య జనం వేడుక చేసుకోవడానికని చెర్రీ చెట్లు నాటించాడు. 1873లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి, ఉఎనో, అసకుసా, షిబా వంటి, జనం అప్పటికే చేరుతున్న చోట్లను అధికారికంగా పార్కులుగా ప్రకటించింది. ఆ తరువాత 1903లో, పాశ్చాత్య పద్ధతిలో వెడల్పాటి దారులతో, బ్యాండు మేళానికి వేదికతో హిబియా పార్కు తెరిచారు. దాన్ని రూపొందించిన హొండా సెయిరొకు గురించి ఒక కథ చెబుతారు. రోడ్డు వెడల్పు కోసం కొట్టేయబోతున్న ఒక పెద్ద గింకో చెట్టును తాను పార్కులోకి తరలించి బతికిస్తానని, బతకకపోతే తన తల తీయించుకుంటానని ఆయన పందెం కాశారట. ఆ చెట్టు ఇప్పటికీ అక్కడ ఉంది. మన దగ్గర రోడ్డు విస్తరణ అనగానే ముందు రంపమే గుర్తుకు వస్తుంది కాబట్టి, ఈ కథను సందర్భం దొరికినప్పుడల్లా చెబుతుంటాను.

మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ 1923 నాటి భూకంపం తరువాతది. టోక్యో తగలబడిపోయినప్పుడు పార్కులు లక్షలమందికి ఆశ్రయమిచ్చాయి. నగరాన్ని తిరిగి కట్టేటప్పుడు ప్రాథమిక పాఠశాలలను ఆనుకుని 52 చిన్న పార్కులు కట్టారు. పగలు బడిపిల్లలకు ఆటస్థలం, సాయంత్రం వీధివారికి కూర్చునే చోటు, ఆపద వస్తే అందరూ చేరే చోటు. నేటికీ జపానులో వీధి పార్కుకు వాడుకలో ఉన్న ప్రమాణం 0.25 హెక్టారు, అంటే సుమారు 62 సెంట్లు, ఇంటి నుంచి 250 మీటర్ల దూరంలో. మీ 40 సెంట్లు దానికి మరీ తక్కువేమీ కాదు. మీరు అనుకరించవలసింది క్యోటో ఆలయాన్ని కాదు, టోక్యో వీధి పార్కును అని నా అభిప్రాయం. ఆలయపు తోట నుంచి ఒక మూలకు సరిపడా విద్య మాత్రం అరువు తెచ్చుకోండి.

అసలు మన ఊరికి ఇది కొత్త సంగతి కూడా కాదు. అయ్యకోనేరు గట్టు మీద సాయంకాలం నడిచేవారిని చూడండి. అక్కడ ఎవరూ జపాను పేరు పెట్టలేదు. నీరు, నీటి చుట్టూ నడిచే దారి, మధ్యమధ్య కూర్చునే చోట్లు. నీటి చుట్టూ నడుస్తూ ఒక్కొక్క దృశ్యాన్ని చూసే తోటలనే జపాను ప్రభువులు 17వ శతాబ్దం నుంచి ఎకరాలకు ఎకరాలు వేయించుకున్నారు. ఒకయామాలోని కొరాకుఎన్ 30 ఎకరాల పైనే ఉంటుంది. పుణెలో సింహగఢ్ రోడ్డు మీద ఆ తోట నమూనాలో సుమారు 10 ఎకరాల ఉద్యానం వేశారు. వీలైతే సంఘం సభ్యులు ఇద్దరు వెళ్ళి చూసి రండి. అంత స్థలం, పారే నీరు, జీతగాళ్ళు ఉంటే ఏమి సాధ్యమో, 40 సెంట్లలో దాన్ని ఇరికించబోతే ఏమవుతుందో కళ్ళారా తెలుస్తుంది.

ఇప్పుడు మీ స్థలం. 40 సెంట్లు అంటే సుమారు 1,620 చదరపు మీటర్లు. చతురస్రంగా ఉందనుకుంటే ఒక్కో వైపు 40 మీటర్లు. సరిహద్దుకు రెండున్నర మీటర్లు లోపలగా నడక దారి వేస్తే ఒక చుట్టు 140 మీటర్లు వస్తుంది, 7 చుట్లు తిరిగితే కిలోమీటరు. ఈ దారి 1.8 మీటర్ల వెడల్పుతో, మెట్టు లేకుండా, చక్రాల కుర్చీ పోగలిగేలా ఉండాలి. గేటు దగ్గర ఎత్తు తేడా ఉంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున వాలు ఇవ్వండి. జపాను తోటల్లో కనిపించే అడుగురాళ్ళను ఈ ప్రధాన దారిలో వేయించకండి. ఆ రాళ్ళను కావాలనే ఎగుడుదిగుడుగా వేస్తారు. నడిచేవాడు తల దించి అడుగులు చూసుకుంటూ వస్తాడు, ఒకచోట వెడల్పాటి రాయి వస్తుంది, అక్కడ ఆగి తల ఎత్తుతాడు, ఆ క్షణంలో చూపించదలచిన దృశ్యం కళ్ళ ముందు ఉంటుంది. ఎంతో తెలివైన ఏర్పాటు. కానీ చీర కట్టుకుని వేగంగా నడిచే అమ్మలకూ మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకూ అది ప్రమాదం. ఆ తమాషాను ఆగ్నేయ మూలలో పెట్టుకునే 6 సెంట్ల చూపుతోటకు, అంటే కూర్చుని చూడడానికి చేసే రాళ్ళ తోటకు, మాత్రమే పరిమితం చేయండి. మధ్యలో 15 సెంట్లు ఏమీ కట్టని గట్టి నేలగా పిల్లలకు వదిలేయండి. తుఫాను రోజున అందరూ చేరవలసి వచ్చినా, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టుకోవాలన్నా ఆ ఖాళీయే పనికివస్తుంది.

మీ ఫొటోల్లో ఒక అదృష్టం కనిపించింది. పడమర వైపు ఇళ్ళ మీదుగా కొండల వరుస నీలంగా కనబడుతోంది. దీన్ని జపానువారు 'అరువు తెచ్చుకున్న దృశ్యం' అంటారు. క్యోటో శివారులోని ఎన్‌త్సూజీ ఆలయంలో తోటకు హద్దుగా ఒక పొట్టి పచ్చకంచె, దాని వెనుక నిటారుగా కొన్ని చెట్ల మొదళ్ళు, వాటి నడుమ దూరంగా హియే కొండ కనిపిస్తాయి. కంచె వల్ల నడుమ ఉన్న ఇళ్ళు దాగిపోతాయి, కొండ తోటలోదే అన్నట్టు ఉంటుంది. అటువంటి దృశ్యాలకు అడ్డంగా ఎత్తైన కట్టడాలు రాకుండా 2007లో క్యోటో నగరం నిబంధనలే తెచ్చింది. మీకు కొండ ఉచితంగా వచ్చింది. బల్ల మీద కూర్చున్నవారి కంటి ఎత్తు 4 అడుగులు. కాబట్టి పడమటి గోడ వెంట ఆరడుగుల గుబురు పొద పెంచి, రేకుల కప్పులనూ కరెంటు తీగల గజిబిజినీ కప్పి, ఒకే ఒక్క చోట 10 అడుగుల మేర పొద తగ్గించి కొండను చూపించండి. మొత్తం తెరిచిపెడితే నాలుగు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. ఒకచోటే చూపిస్తే ఆ బల్ల కోసం సాయంత్రం పోటీ పడతారు.

రాళ్ళ విషయం నాకు ఇష్టమైనది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను. 11వ శతాబ్దం నాటి సకుతెయికి అన్న జపాను గ్రంథం, తోట పని మీద దొరుకుతున్న అతి పాత పుస్తకాల్లో ఒకటి, రాళ్ళు నిలబెట్టడంతోనే మొదలవుతుంది. రాయి ఏమి కోరుతోందో గమనించి దాని ప్రకారం నడుచుకోమంటుంది. కొండ మీద నిలువుగా ఉన్న రాయిని తోటలో పడుకోబెట్టడం, పడుకుని ఉన్నదాన్ని నిలబెట్టడం తప్పు అంటుంది. అన్నట్టు నీరు తూర్పు నుంచి వచ్చి నైరుతిగా పోవడం మంచిదని కూడా అందులో ఉంది కాబట్టి, మీ సంఘంలో వాస్తు చూసే పెద్దలుంటే వారికి కబుర్లకు లోటుండదు. ఈ సంగతులన్నీ పుస్తకంలో చదవడానికి చాలా ముందే నాకు టెక్కలి వైపు క్వారీలో పనిచేసే ఒక ముసలి రాతిపనివాడు నేర్పాడు. ఒక బండను నేను క్రేనుతో దింపించి, సరే బాగుందన్నాను. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో తట్టి, "రాయికి మొకం ఉంటాది బాబూ. తవరు దాని ఈపు సూపెడతన్నారు" అన్నాడు. మళ్ళీ తిప్పించాం. నిజమే, ఎండకూ వానకూ నల్లబడి, సన్నని గీతలు పడిన పక్క ఇటు తిరిగేసరికి ఆ బండ అక్కడే పుట్టినట్టు అనిపించింది.

కొత్త రాళ్ళు కొనకండి. టెక్కలి నీలి గ్రానైటు క్వారీల్లో ఎగుమతికి పనికిరాని తుక్కు బండలు గుట్టలుగా ఉంటాయి. వాటికి డ్రిల్లు గాట్లు ఉంటాయి కాబట్టి గాటున్న పక్కను మట్టిలోకి పెట్టాలి. దానికన్నా మంచిది మన కొండల్లోని ఖొండలైటు రాయి. కోదులు ఉండే కొండల్లో విరివిగా ఉంటుంది కాబట్టే దానికి ఆ పేరు వచ్చింది. ఎర్రమట్టి రంగు మరకలతో పాతబడిన గుణం పుట్టుకతోనే ఉంటుంది. కొండ నుంచి సొంతంగా తవ్వించడం నేరం, ఇళ్ళ పునాదుల్లో, పొలం గట్ల మీద తేలిన బండలను యజమానిని అడిగి తెచ్చుకోండి. మూడో వంతు మట్టిలోకి దిగేలా పాతండి. పైన ఉంచిన రాయి ఎవరో వదిలేసి పోయినట్టుంటుంది, దిగిన రాయి భూమిలోంచి లేచినట్టుంటుంది. 3, 5, 7 చొప్పున గుంపులు వేయండి, పెద్దది మధ్యలో పెట్టకండి. క్రేను ఒక్కరోజు అద్దెకు వస్తుంది, ఆ రోజంతా ఇంట్లో వేరే పని పెట్టుకోకుండా అక్కడే నిలబడండి.

ర్యోఆన్‌జీలోలాగా తెల్ల కంకర వేస్తే మే నెల మధ్యాహ్నం కళ్ళు తెరవలేరు. క్రషర్ల దగ్గర దొరికే బూడిద రంగు చిప్స్ చాలు. గీతలు గీయడం తేలిక, ఒక చెక్క పలక తీసుకుని పళ్ళు చెక్కుకుంటే ఎవరైనా గీయవచ్చు. కాలనీ పిల్లలకు ఆదివారం ఆ పని అప్పగించండి. కుక్కలు తొక్కుతాయి, ఆకులు రాలతాయి, మళ్ళీ గీస్తారు. ఆలయాల్లోనూ గీతలు చెరిగినప్పుడల్లా మళ్ళీ గీస్తూనే ఉంటారు.

చెరువు వద్దన్నాను కాబట్టి నీటి సంగతి. జపానులో నీరు లేకుండా రాళ్ళతో, కంకరతో వాగును చూపించే పద్ధతి ఉంది. దాన్ని మీరు ఉత్త అలంకారంగా కాక నిజమైన వాగుగా వాడుకోవచ్చు. స్థలంలో పల్లం ఎటో చూసి, ఎత్తు మూల నుంచి పల్లపు మూలకు అడుగు లోతున వంపులు తిరిగే కాలువ తవ్వి, గుండ్రాళ్ళు పరచి, చివర ఇంకుడు గుంత పెట్టండి. 7 నెలలు అది ఎండిన వాగులా అందంగా ఉంటుంది, జూన్ నుంచి అక్టోబరు దాకా వాన పడ్డప్పుడల్లా నిజంగానే పారుతుంది. నీరు నిలవకుండా ఇంకిపోతుంది కాబట్టి దోమ పెట్టే గుడ్డుకు వ్యవధి ఉండదు. నిల్వ నీరు ఎక్కడైనా తప్పనిసరి అనుకుంటే ఒక్క తామర తొట్టి పెట్టి అందులో దోమ పిల్లలను తినే గంబూసియా చేపలు వదలండి.

నీటి చప్పుడు కావాలని మీరు రాశారు. దానికి మోటారు అక్కర్లేదు. జపానులో చేతులు కడుగుకునే తొట్టి పక్కన ఒక జాడీని బోర్లించి పాతిపెడతారు. పైన చిన్న రంధ్రం గుండా నీటి చుక్క లోపలి గుల్లలోకి పడి, వీణ తీగ మీటినట్టు మోగుతుంది. దీన్ని నేను మన ఊరగాయ జాడీతో చేశాను. రెండు అడుగుల ఎత్తున్న పాత జాడీ అడుగున, టైల్స్‌కు వాడే డ్రిల్లుతో చిటికెన వేలంత రంధ్రం చేయించాలి. నేలలో గుంత తీసి, అడుగున సిమెంటుతో చిన్న పళ్ళెంలా చేసి, అందులో 2 అంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి, మించినది పైపు గుండా పోయేలా పెట్టాలి. జాడీని దాని మీద బోర్లించి, చుట్టూ గుండ్రాళ్ళు నింపి, పైన కుళాయి కింద జారిన నీరు ఆ రంధ్రం వైపు చేరేలా వాలు ఇవ్వాలి. మొదటిసారి నాకు మోగలేదు. లోపల నీటి మట్టం 6 అంగుళాలు ఉండిపోవడమే కారణం, పైపు కిందికి దించగానే పలికింది. ఆట ముగించి చేతులు కడుక్కున్న పిల్లలు నేలకు చెవి ఆనించి వినడం చూశాను. మొత్తం ఖర్చు 3 వేలు దాటలేదు.

చెట్ల విషయంలో చెర్రీ, మేపుల్, జపాను పైన్ చెట్లు మన వేడికి బతకవు, నాచు అసలే నిలవదు. నర్సరీవారు ఏ పేరు చెప్పినా నమ్మకండి. పైన్‌కు బదులు మనకు సరుగుడు ఉంది. కొన్ని ఊళ్ళలో సరివి అంటారు. జపానులోనూ నల్ల పైన్‌ను సముద్రపు గాలికి అడ్డుగా తీరం వెంట నాటుతారు, మన తీరంలో సరుగుడు చేసే పని అదే. కత్తిరింపుకు బాగా లొంగుతుంది, ఐదారేళ్ళు శ్రద్ధగా పట్టుకుంటే మబ్బుల పొరల్లా రూపం వస్తుంది. చెర్రీ పూలు రాలడాన్ని చూడడానికి జపానువారు పండుగ చేసుకుంటారు. మనకు తెల్లవారుజామున పారిజాతం రాలుతుంది. ఆ చెట్టు కింద సిమెంటు కాక శుభ్రంగా ఊడ్చిన మట్టి ఉంచండి, పూలు ఏరుకునేవారే మీ సందర్శకులు. నీడకు కానుగ, పొగడ, వేప వేయండి. కానుగ వేసవి ముందు ఆకు రాల్చి లేత చిగురు వేసేటప్పుడు ఏ మేపుల్‌కూ తీసిపోదు. లాన్ 5 సెంట్లకు మించి వద్దు, అది కూడా కొరియన్ గడ్డి కాకుండా గరిక అయితే కొన్నాళ్ళు నీరు పెట్టకపోయినా మళ్ళీ లేస్తుంది.

తుఫాను మాట మరిచిపోకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ ప్రాంతాన్ని ఎలా ఊడ్చాయో మీకు చెప్పనక్కర్లేదు. త్వరగా పెరుగుతాయని నాటిన తురాయి, నిద్రగన్నేరు వంటివి నేను చూసిన పార్కుల్లో ముందుగా కూలాయి. ఇక్కడ జపాను కత్తిరింపు విద్య నిజంగా అక్కరకు వస్తుంది. వారు చెట్టు తల నరకరు, కొమ్మల మధ్య కొమ్మలు తీసి ఆకాశం కనబడేలా పలచన చేస్తారు. అందం కోసం చేసే ఆ పని వల్లనే గాలి కూడా చెట్టులోంచి దూసుకుపోతుంది, తెరచాపలా పట్టుకుని పెకలించదు. కనజవాలోని కెన్‌రొకుఎన్ తోటలో ఏటా నవంబరు 1 నుంచి పైన్ కొమ్మలు మంచు బరువుకు విరగకుండా నడిమి స్తంభం నుంచి గొడుగు పుల్లల్లా తాళ్ళు కడతారు. మనకు ఆ పని వినాయక చవితి తరువాత చేయాలి. సెప్టెంబరులో కొమ్మలు పలచన చేసి, మూడేళ్ళ లోపు చెట్లకు మూడేసి వెదురు గెడలు కట్టండి. ఆ వెదురుకు చెద పడుతుంది కాబట్టి బోరాక్సు, బోరిక్ ఆమ్లం ద్రావణంలో నానబెట్టి వాడండి.

డబ్బు లెక్క చెప్పి ముగిస్తాను. నేను పైన రాసిన పనంతా, దారి, బల్లలు, రాళ్ళు, మొక్కలు, బోరు, పిల్లల ఊయలలతో కలిపి, మీ 18 లక్షల్లో సుమారు 10 లక్షలలో జరిగేలా ప్రణాళిక వేసుకోండి. మిగిలిన 8 లక్షలు బ్యాంకులో వేస్తే, 7 శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏటా 56 వేలు, నెలకు 4,600 పైన వస్తుంది. దానికి ఇంటికి నెలకు 100 రూపాయల చందా కలిస్తే, 80 ఇళ్ళ కాలనీ కాబట్టి, నెలకు 12 వేలు దాటుతుంది. ఆ డబ్బుతో ఒక తోటమాలిని పెట్టుకోవచ్చు. ఏ కాంట్రాక్టరు కొటేషన్‌లోనూ ఈ మనిషి ఉండడు, ఎందుకంటే అతని మీద కమీషను రాదు. ఆ మనిషిని మొక్కలు నాటే రోజునే పెట్టుకోండి, తరువాత కాదు. రాయి దించేటప్పుడూ జాడీ పాతేటప్పుడూ అతను అక్కడ ఉండాలి.

చట్టం సంగతి రెండు మాటలు. అనుమతి పొందిన లేఔట్‌లో ఉమ్మడి స్థలం స్థానిక సంస్థకు దాఖలు చేసినదై ఉంటుంది కాబట్టి, పని మొదలుపెట్టే ముందు నగరపాలక సంస్థ నుంచో మీ పరిధిలోని సంస్థ నుంచో రాతపూర్వక అనుమతి తీసుకోండి, ఆమోదించిన ప్లాను నకలు దగ్గర పెట్టుకోండి. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఆసుపత్రి కట్టడానికి ఇవ్వడం చెల్లదని బెంగళూరు వ్యవహారంలో సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది. రేపు ఎవరైనా అందులో కమ్యూనిటీ హాలో గుడో కడదామని వస్తే ఆ తీర్పు మీకు అండ.

ఈ వారంలో చేయవలసిన పని ఒకటే. స్థలంలో మూడు చోట్ల అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంతలు తీయించి, నిండా నీళ్ళు పోసి, అవి ఇంకడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. రెండోసారి కూడా పోసి చూడండి, మొదటిసారి పొడి మట్టి ఆత్రంగా తాగేస్తుంది కాబట్టి ఆ లెక్క నమ్మకూడదు. ఆ అంకెలు, ఉదయం 8 గంటలకూ సాయంత్రం 4 గంటలకూ నీడ ఎక్కడ పడుతోందో తెలిపే రెండు ఫొటోలు పంపితే, వాగు ఎటు తిప్పాలో, చూపుతోట ఆగ్నేయంలోనే ఉండాలో మార్చాలో గీసి చెబుతాను. అప్పటిదాకా ఆ కొటేషన్ మీద సంతకం పెట్టకండి.